ఒకే గడిలో ఇద్దరు

నేను ఒక జాబితాను. కాగితం మీద పుట్టలేదు. గోదావరికి వరద వచ్చిన రోజు తహసీల్దారు కార్యాలయంలో లోవకుమారి అనే గుమాస్తా నన్ను కంప్యూటర్లో తయారుచేసింది. లంకల్లో ఎవరెక్కడ చిక్కుకున్నారో పడవల్లో తిరిగే సిబ్బంది ఫోన్లలో రాస్తే, ఆ క్షణంలోనే ఆమె ముందు కనబడేది. ఒక్కొక్కరికి ఒక్కో రంగు గీత, పక్కనే పేరు. ఒకే గడిలో ఇద్దరు ఒకేసారి రాస్తే దేన్నీ చెరపకుండా రెండు మాటలనూ పక్కపక్కన నిలబెట్టడం నా పని. ఏది నిజమో తేల్చడం మనుషుల పని. వాళ్ళకది ఎప్పుడూ కష్టమే.

ఆకుపచ్చ గీత పడవ సిబ్బందిలోని ఏసుబాబుది. మంగళవారం మధ్యాహ్నం అతని పడవ తిరగబడింది. బుధవారం శవం దొరికింది.

గురువారం పొద్దున జువ్విలంక గడిలో లోవకుమారి "ఎవరూ లేరు" అని రాస్తోంది. వెతికి వచ్చినవాళ్ళు అలాగే చెప్పారు మరి. ఇంకా పూర్తి కాకముందే అదే గడిలోకి ఆకుపచ్చ గీత వచ్చి నిలబడింది.

"పశువుల కొట్టం అటక మీద ఐదుగురు. ఒకామె నిండు చూలాలు."

ఆమె రాయడం ఆపేసింది.

"ఏంటమ్మా, అలా అయిపోయావ్?" అన్నాడు డిప్యూటీ తహసీల్దారు.

"ఏసుబాబు రాత్తన్నాడండి."

"పోయినోడెలా రాత్తాడమ్మా? ఎవరో ఆకతాయి పని. చెరిపెయ్."

సిగ్నల్ లేని చోట రాసిన మాటలు ఫోన్‌లోనే ఆగి, సిగ్నల్ దొరికాక నాలోకి వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అతని ఫోన్ ఏ ఒడ్డునో దొరికితే, ఎవరో ఛార్జింగు పెట్టారు. నాకు తెలుసు గాని, చెప్పడానికి నోరు లేదు.

ఆమె తాను రాసింది చెరిపేసింది. "అతను సూడకుండా రాసే మనిషి కాదండి. పడవ పంపండి," అంది.

పడవ బయల్దేరింది. అప్పుడు కింది ఖాళీ వరుసలో ఆకుపచ్చ గీత దగ్గర మరో మాట పడింది.

"నడి ఏట్లో పడవ. ఒక్కడు."

మంగళవారం తన పడవ గురించే రాసుకున్నాడని గదిలో అందరికీ అర్థమైంది.

సాయంత్రానికి అటక మీది ఐదుగురూ ఒడ్డుకు చేరారు. లోవకుమారి వాళ్ళ ఎదురుగా "చేరారు" అని రాసింది. తర్వాత కింది వరుసకు వచ్చి, ఎదుటి గడిని ఖాళీగానే వదిలేసింది.

వరద తీశాక నాలో ఎవరూ ఏదీ మార్చకుండా తాళం వేశారు. మిగతా అన్ని వరుసలూ నిండాయి. ఆ ఒక్కడి ఎదురుగా ఏం రాయాలో ఎవరికీ తోచలేదు.