సొంత చొక్కా

పొద్దున్నే నర్సమ్మ వచ్చి సెలైన్ సీసా మారుస్తుంటే, దర్జీ కళ్లు మాత్రం మంచం పక్కనున్న ప్లాస్టిక్ సంచీ మీదే ఉన్నాయి. అందులో అతని కొత్త చొక్కా ఉంది. నిన్న ఎమర్జెన్సీలో ఛాతీకి తీగలు అంటించాలని దాన్ని కింది అంచు నుంచి కాలరు దాకా కత్తెరతో పరపరా కోసేశారు. నొప్పితో మెలికలు తిరుగుతూనే, "గుండీలున్నాయి కదమ్మా!" అన్నాడు. అక్కడ వినే తీరిక ఎవరికుంది?

వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి, తనకంటూ ఒక చొక్కా కుట్టుకున్న పాపాన పోలేదు. ఎవరో ఇచ్చి మర్చిపోయిన చొక్కాల్లోనే ఇంతకాలం వెళ్లదీశాడు. భార్య నీలం గుడ్డ కొనిచ్చి, పోరి పోరి నోరు నొప్పెట్టి ఊరుకుంది. "వాళ్లవన్నీ అవనీవే, కుట్టుకుంటా" అనేవాడు. ఎప్పటికవుతాయి?

ఆమె కూతురి పురిటికి వెళ్లాక ఇల్లు బావురుమంది. ఒంటరిగా తిండి సయించలేదు. ఆమె మీద బెంగతోనే ఆ గుడ్డ బయటికి తీశాడు. ఆమె దిగే వేళకి బస్టాండులో ఆ చొక్కాతో నిలబడాలనుకున్నాడు. నిన్న చివరి గుండీ కుట్టి, కుదిరిందో లేదోనని తొడుక్కున్నాడు. అద్దం ముందే కూలబడ్డాడు. పక్క కొట్టతను ఆటోలో తెచ్చి చేర్పించాడు.

"సూదీ దారం ఇప్పించమ్మా. సాయంత్రం బస్సుకి మా ఆవిడ వస్తోంది."

"ఇక్కడ కుట్లు వేసేది మేం, బాబాయ్. మీరు కదలకుండా పడుకోండి."

అన్నదే గాని, మధ్యాహ్నం తన సంచీలోంచి సూదీ, తెల్లదారం తెచ్చిచ్చింది. నీలం మీద తెలుపేమిటని మొహం చిట్లించాడు. అయినా సెలైన్ చేత్తోనే చొక్కా ఒళ్లో పరచుకుని, చిన్న చిన్న కుట్లతో కింది నుంచి మొదలుపెట్టాడు. నర్సమ్మ రెండుసార్లు కసిరింది. వినలేదు.

పొద్దు వాలేసరికి కాలరు దగ్గరికొచ్చాడు.

"కాస్త కళ్లు మూసుకుంటానమ్మా. ఆవిడొస్తే లేపు, తొడుక్కోవాలి."

లేపబోతే లేవలేదు. డాక్టరు పరుగున వచ్చి ఛాతీ నొక్కాడు. చాలాసేపు నొక్కి, తలవంచుకుని వెళ్లిపోయాడు.

పక్క కొట్టతని వెంట బస్టాండు నుంచి చేతిసంచీతో వచ్చిన భార్యకి నర్సమ్మ చొక్కా అందించింది. ఆమె తెల్ల కుట్టు వెంబడి వేలితో మెల్లగా కాలరు దాకా తడుముకుంటూ వెళ్లింది.

"ఇప్పటికి కుట్టుకున్నావా, అయ్యా..."

సూది ఇంకా గుడ్డకి గుచ్చే ఉంది. మిగిలిన కుట్టుకి సరిపడా తెల్లదారం దానికి వేలాడుతోంది.