సన్న గొట్టం, లావు ముక్కు

నా తోడల్లుణ్ణి అందరూ రెడీ అంటారు. ఏ పని చెప్పినా ముందు "రెడీ" అంటాడు, పనేమిటో తర్వాత అడుగుతాడు. నా కొంప ముంచాలని చూసినవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు గానీ, అన్నయ్యా అని నోరారా పిలుస్తూ ముంచినవాడు వీడొక్కడే. వీడి మాట మా ఇంట్లో ఎత్తకూడదు. ఎత్తితే మా ఆవిడ, "అయిపోయినదాన్ని ఇంకెన్నాళ్ళు నములుతారు, పళ్ళు అరిగిపోతాయి" అంటుంది. అందుకే రాస్తున్నాను. కాయితం ఎదురు చెప్పదు.

కంప్యూటర్లు బాగుచేసే షాపు మాది. మొదట నా ఒక్కడిదే. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి రేడియోల దగ్గర చేరినవాణ్ణి, టీవీల మీదుగా కంప్యూటర్ల దాకా పాక్కుంటూ వచ్చాను. రెడీ మా ఆవిడ చెల్లెలి మొగుడు. షాపులకి బోర్డులు రాసేవాడు. ప్లాస్టిక్ అక్షరాలు వచ్చిపడ్డాక వాడి కుంచె ఎండిపోయింది. మా అత్తగారు ఒకరోజు పనిగట్టుకుని వచ్చి, "అల్లుళ్ళిద్దరూ ఒక్క కప్పు కింద ఉంటే నా కళ్ళు చల్లగా ఉంటాయి నాయనా" అంది. ఆవిడ కళ్ళు చల్లబడ్డాయి. నా నెత్తి వేడెక్కడం అప్పుడే మొదలైంది.

వాడికి స్క్రూ తిప్పడం రాదు, నోరు తిప్పడం వచ్చు. ఖాళీ దొరికితే రాతలు. గోడ మీద ధరలు, కరెంటు బోర్డు మీద "ముట్టుకోరాదు", ఆఖరికి నా టీ గ్లాసు మీద "అన్నయ్య". అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలే, కాదనను. వంకర అక్షరం కనబడితే మాత్రం వాడికి అన్నం సహించదు. రోడ్డు మీద పోతూ పోతూ ఎవడి బోర్డు ముందో ఆగిపోయి, "ఆ 'మ' చూడన్నయ్యా, నడుం విరిగినట్టు లేదూ" అని నిజంగానే బాధపడేవాడు.

ఆ రోజు షాపు తెరిచీ తెరవకముందే ఇద్దరు మనుషులు ఒక పెద్ద కంప్యూటర్ పెట్టెను మోసుకొచ్చారు. ఒక పక్క గోడంతా అద్దం. వెనకాలే ఒక మేడమ్. పిల్లల కోసం బొమ్మల సినిమాలు తీసే ఆఫీసు ఆవిడది. ఆ ఆఫీసంతటికీ ఈ పెట్టే గుండెకాయ. లోపల వేడెక్కే భాగాల మీదుగా సన్నటి గొట్టాల్లో నీళ్ళు తిరుగుతుంటాయి, కారు ఇంజనుకి తిరిగినట్టు. ఆ నీళ్ళని తిప్పే పంపు పిడికిలంత ఉంటుంది. అది కాలిపోయింది.

"రేపు పొద్దున సినిమా అప్పగించాలి. చివరి ముక్క ఇంకా దీంట్లోంచి బయటికి రావాలి" అంది మేడమ్. "మధ్యాహ్నానికి అవుతుందా?"

"రెడీ మేడమ్!"

"లోపల నీళ్ళు కారితేనో?"

"మా అన్నయ్య చేత్తో పెట్టిన గొట్టం కారడమా! కారితే కొత్త మిషనే ఇస్తాం. కావాలంటే రాసిస్తాను."

రాసిచ్చాడు కూడా. షాపు రసీదు మీద, కింద గీత గీసి మరీ. మేడమ్ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడ దాన్ని తలూపడం అనుకుంది.

అలాంటి మిషను ఖరీదెంతో నాకు తెలుసు. రెడీకి ఉన్న ఆస్తల్లా ఒక స్కూటరు, అదీ ఎవరో ఒకరు వెనక నుంచి తోస్తే గానీ కదలదు. నాకు ఊరి చివర ఇంటి స్థలం ఉంది. పెళ్ళయినప్పటినుంచీ అద్దె ఇళ్ళలో ఉన్నవాణ్ణి. గోడకి మేకు కొట్టాలన్నా ఓనరు మొహం చూడాల్సిందే. ఆ నెలలోనే పునాది తవ్వించడానికి మేస్త్రీతో మాట్లాడుకుని ఉన్నాను. ఆ పెట్టెలో నీళ్ళు కారితే ఆ స్థలం మీదుగానే కారతాయి. ఆ సంగతి రసీదు రాసినవాడికీ తెలుసు.

మేడమ్ వెళ్ళాక రెడీ స్కూటరు మీద వెళ్ళి కొత్త పంపు తెచ్చాడు. విప్పి చూశాను. పంపుకి నీళ్ళు లోపలికి తీసుకునే ముక్కొకటి, బయటికి తోసే ముక్కొకటి. రెండూ లావువి. పెట్టెలో గొట్టాలేమో సన్నవి.

"కొలత చూసుకోవా?"

"పంపు పంపే కదా అన్నయ్యా! ముక్కు కాస్త లావైతే ఏం, గాలి బాగా పీలుస్తుంది."

"సన్న ముక్కులది పట్రా."

"లేదట. తెప్పించాలంటే వారం. గొట్టాలే లావువి వేసేద్దామా?"

"అవతలి చివర్లలో ఉన్నవన్నీ సన్న ముక్కులేరా. వాటికేం చేస్తావు, గుడ్డపీలికలు చుడతావా?"

ఉన్నది ఒకటే దారి. సన్న గొట్టాన్నే లావు ముక్కుకి ఎక్కించాలి. ఎక్కుతుంది. దానికో పద్ధతుంది. గొట్టం చివర మరుగుతున్న నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. బయటికి తీసిన వెంటనే, సన్న మూతి పటకారు లోపల దూర్చి, చిరగకుండా నోరు సాగదీయాలి. చల్లారేలోగా ఒక్క తోపులో ముక్కు మీదికి ఎక్కించి, చివరనున్న గట్టు దాటించాలి. ఆ తర్వాత ముట్టుకోకూడదు. చల్లారుతూ చల్లారుతూ గొట్టం తన పాత కొలతకి పోదామనుకుంటుంది. పోలేదు కాబట్టి ముక్కుని పట్టుకుంటుంది. ఆ పట్టు ముందు ఏ క్లిప్పూ పనికిరాదు. కానీ ఒక్కసారే. వెనక్కి లాగామా, సాగిన నోరు వదులైపోతుంది, దాన్ని కోసి పారేసి కొత్త నోరు చేసుకోవాల్సిందే. అక్కడ కోయడానికి మిగులు లేదు. పాత గొట్టం కొలతకి కొలతే ఉంది, గోరంత తరిగినా ముక్కుకి అందదు.

కెటిల్‌లో నీళ్ళు మరిగించాను. మొదటి గొట్టం ముంచి తీసి, సాగదీసి, తోశాను. బొటనవేలు కాలింది. పళ్ళు బిగించి తోస్తే గట్టు దాటి కూర్చుంది.

"శెభాష్!" అన్నాడు రెడీ.

"నోర్ముయ్."

రెండోది మొండికేసింది. సగం దాకా ఎక్కి గట్టు దగ్గర ఆగిపోయింది. గొట్టం చల్లారిపోతోంది. లాగితే చచ్చానే. తోస్తే వంగిపోతోంది. నా చెమట పెట్టెలో పడుతుందేమోనని మొహం పక్కకి తిప్పుకున్నాను.

"ఫ్యాను నూనె ఒక్క చుక్క రాద్దామా అన్నయ్యా? జర్రున ఎక్కుతుంది."

"జర్రున ఎక్కింది జర్రున దిగుతుంది. నూనె డబ్బా ఇటువైపు తెచ్చావంటే నీ నెత్తి మీద పోస్తా. గ్లాసుతో వేణ్ణీళ్ళు పట్రా."

గుడ్డ వేణ్ణీళ్ళలో ముంచి గొట్టం చుట్టూ చుట్టి పట్టుకున్నాను. వేళ్ళ చర్మం ఎర్రబడింది. మళ్ళీ మెత్తబడ్డట్టు అనిపించగానే అరచెయ్యి మొత్తం పెట్టి తోశాను. టప్ మని చిన్న చప్పుడు. గట్టు దాటింది. నేను బల్ల పక్కన నేల మీద కూర్చున్నాను.

నీళ్ళు నింపి, మిగతా భాగాలకి కరెంటివ్వకుండా పంపు ఒక్కటే తిప్పాము. అతుకుల చుట్టూ తెల్ల టిష్యూ కాయితాలు కట్టాను. చుక్క పడితే కాయితం చెబుతుంది. ఇద్దరం పెట్టెకి చెరో పక్కా కూర్చుని చూస్తున్నాం. అప్పుడే మా ఆవిడ అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"ఏమిటి, ఎవరో పోయినట్టు చెరోవైపు కూర్చున్నారు?"

"పోలేదు వదినా, పుట్టింది. స్నానం కూడా అయింది!"

"మీ మాటలకేం మరిదిగారూ. ఆయన వేళ్ళు చూశారా? బూరెల్లా అయ్యాయి."

చాలాసేపయ్యాక కాయితాలు విప్పి బుగ్గకి ఆనించుకుని చూశాను. పొడి. ఎండుటాకులా పొడి. పంపు ఆపేశాను. ఆకలి అప్పుడు తెలిసింది. "దీని మీద ఈగ వాలినా తోలకు, నన్ను పిలు" అని వాడికి చెప్పి, వెనక గదిలోకి వెళ్ళి మా ఆవిడ వడ్డిస్తే నాలుగు ముద్దలు తిన్నాను. మనిషన్నవాడు అన్నం తినకూడదా? ఈ ప్రశ్న తర్వాత చాలామందిని అడిగాను.

నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మేడమ్ వచ్చేసి ఉంది. వస్తూనే స్విచ్చు వేయించుకుంది. ఆఫీసుకి మోసుకెళ్ళే టైము లేదు, ఇక్కడే పని మొదలుపెట్టేస్తానంది. తెర మీద సినిమా చివరి ముక్క ఒక్కో బొమ్మగా తయారవుతోంది. కుందేలొకటి గుట్ట దిగుతోంది. పెట్టె లోపల నీళ్ళు నిశ్శబ్దంగా తిరుగుతున్నాయి.

"ఎంత నీటుగా ఉంది!" అంది మేడమ్, అద్దంలోంచి చూస్తూ.

రెడీ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు నచ్చలేదు. వాణ్ణి నేను ఎరుగుదును. నేనూ అద్దంలోంచి చూశాను. గొట్టాల మీద పొడుగునా కంపెనీ పేరు తెల్లగా అచ్చేసి ఉంటుంది. నేను ఎక్కించినప్పుడు ఒకదాని పేరు అద్దం వైపూ, రెండోదాని పేరు లోపలి వైపూ ఉన్నాయి. ఇప్పుడు రెండూ అద్దం వైపే ఉన్నాయి. పక్కపక్కన, వరసగా, బోర్డు మీద రాసినట్టు.

వాణ్ణి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళాను.

"గొట్టం తిప్పావా?"

"సగం బోర్డు గోడకి తిప్పి పెట్టినట్టుంది అన్నయ్యా. మేడమ్ చూస్తే ఏం బాగుంటుంది?"

"ఎలా తిరిగింది?"

"మొదట తిరగలేదు. నువ్వు పట్టించావంటే ఇంక ఊడుతుందా! కాస్త వెనక్కి లాగి, చుక్క నూనె వేసి, తిప్పి మళ్ళీ తోసేశాను. ఎంత సులువుగా ఎక్కిందో తెలుసా!"

పంపు ఒక్కటే తిరుగుతుంటే నీళ్ళు చల్లగా ఉంటాయి. ఇప్పుడు మిషను మొత్తం పనిచేస్తోంది. నీళ్ళు వేడెక్కుతాయి. వేడికి గొట్టం మెత్తబడుతుంది. మెత్తబడిన గొట్టం, వదులైన నోరు, లోపల నూనె.

పెట్టె దగ్గరికి పరిగెత్తాను. "మేడమ్, ఒక్క నిమిషం ఆపుదాం."

"ఎందుకు?"

"చిన్న అతుకు చూడాలి."

"ఇప్పుడు ఆపితే ఈ ముక్క మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. రేపటికి అందదు. బాగానే ఉంది కదా, నీళ్ళు కారుతున్నాయా?"

కారడం లేదు. నిజమే, అప్పటికి కారడం లేదు.

"ఇది అయిపోగానే ఆపుతాను" అంది. "ఇంకెంత, కుందేలు గుట్ట దిగాలి, అంతే."

అద్దం తలుపు తీసి చెయ్యి లోపల పెట్టి, ఆ అతుకుని రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చున్నాను. గొట్టం వేడెక్కుతోంది. వేళ్ళ కింద అది ఊపిరి పీల్చినట్టు కదులుతోంది. ప్రతి కదలికకీ వెంట్రుకవాసి వెనక్కి జరుగుతోంది. నేను ముందుకి తోస్తున్నాను. కాలిన బొటనవేలి మీదే బరువంతా. ఆ కుందేలు ఎంత నెమ్మదిగా దిగుతోందంటే, దాని కాళ్ళు విరగ్గొట్టాలనిపించింది.

"ఏం చేస్తున్నారు?" అంది మేడమ్.

"నాడి చూస్తున్నాడు మేడమ్" అన్నాడు రెడీ. నవ్వాడు. ఆవిడా నవ్వింది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. నా మొహం చూసి క్యారేజీ కింద పెట్టేసింది.

"మరిదిగారూ, ఆయనకేదో కావాలి, చూడండి."

"ఏం కావాలన్నయ్యా? బిగించాలా?"

"ముట్టుకోకు."

"అంతేనా! ప్లాస్టిక్ ట్యాగు వేసి బిగించేస్తే పోలా? రెడీ!"

"వద్దురా" అన్నాను. నా చేతులు రెండూ లోపలున్నాయి. ఒకటి గొట్టాన్ని పట్టుకుంది, ఒకటి పంపుని పట్టుకుంది. వదిలితే ఊడుతుంది. వాడు అప్పటికే వంగాడు. ట్యాగు నా వేళ్ళ పక్కనుంచి దూర్చాడు. గట్టుకి వెనక కాదు, గట్టు మీదే వేశాడు. "వద్దు, వద్దు" అంటూనే ఉన్నాను. పటకారుతో కొస పట్టుకుని బలంగా ఒక్క లాగు లాగాడు.

తడి సబ్బుని పిడికిట్లో బిగిస్తే ఎటు పోతుంది? గొట్టం అటే పోయింది.

నీళ్ళు ముందు నా మొహాన కొట్టాయి. తర్వాత కింద, వరసగా అమర్చిన, బొమ్మలు తయారుచేసే కార్డుల మీద. చిటపటమంది. కాలిన వాసన. తెర మీద కుందేలు ఒక కాలు పైకెత్తి అలాగే నిలబడిపోయింది, ఆ తర్వాత నల్లబడిపోయింది. మా ఆవిడ పరిగెత్తుకెళ్ళి ప్లగ్గు పీకేసింది. అప్పటికి పీకినా లాభం లేదు.

రెడీ చేతిలో పటకారు ఉంది. వాడి నోటి వెంట ఏదో ఒక మాట వస్తుందని చూశాను. రాలేదు. జన్మలో మొదటిసారి.

మేడమ్ సంచిలోంచి రసీదు తీసింది. వాడికి చూపించలేదు, నాకు చూపించింది. వాడి వైపు చూసి లాభం లేదని ఆవిడకి ఒక్క పూటలోనే అర్థమైంది. మా అత్తగారికి ఇప్పటికీ అర్థం కాలేదు. "వాడు నీకు సాయం చెయ్యబోయాడు నాయనా, చిన్నవాడు" అంటుంది. తెలిసినవాళ్ళు కొందరు, మిషను వేడెక్కించి ఎందుకు పరీక్షించలేదని నన్నే అడుగుతారు. మరికొందరు, మేడమ్ వద్దన్నా స్విచ్చు ఆపేయాల్సింది కదా అంటారు. వాళ్ళెవరి వేళ్ళూ ఆ గొట్టం మీద లేవు.

రెడీ ఇప్పుడు నా షాపులో లేడు. ఆ మేడమ్ ఆఫీసులోనే ఉన్నాడు. బొమ్మల సినిమాల మొదట్లో పేర్లు పడతాయి చూడండి, అవి చేత్తో రాసేవాళ్ళు ఆవిడకి కావాల్సి వచ్చిందట. రసీదు మీద వాడి రాత చూసి ముచ్చటపడి పిలిపించుకుందట. మా మరదలు మా ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి స్వీటు డబ్బా ఇచ్చి వెళ్ళింది. మా ఆవిడ తినమంది. తిన్నాను. పారేస్తే మళ్ళీ అదో గొడవ.

స్థలం కొన్నవాడు దాని చుట్టూ గోడ కట్టి గేటు పెట్టాడు. ఊరి చివర, రోడ్డు మలుపులో, రెండు వైపులా దారి ఉన్న మూల బిట్టు. నూట ఎనభై ఆరు గజాలు.