అమ్మ ఉంగరం మీది జంతువు

అమ్మ ఉంగరం మీద ఒక జంతువు ఉంది. అది ఏ జంతువో తేలక మా ఇంట్లో ఏడాదిగా తగువు నడుస్తోంది.

ఆ ఉంగరం అమ్మకు వాళ్ల నాయనమ్మ ఇచ్చింది. పాతకాలపు గట్టి బంగారం. జంతువు తల మాత్రమే ఉంటుంది, కళ్లకు రెండు చిన్న వజ్రాలు. ఇంటి ఆడవాళ్లు తరతరాలుగా అంట్లు తోమీ, బట్టలు ఉతికీ ఆ మొహాన్ని నున్నగా అరగదీశారు. ముక్కు పోయింది, చెవులు పోయాయి. వజ్రాలు మాత్రం ఎవరినో నిలదీస్తున్నట్టు చూస్తుంటాయి.

"అదేమిటో తెలిసినవాళ్లే తీసుకోండి" అని చెప్పి అమ్మ కన్నుమూసింది. తను చేసిన పని మరిచిపోయినట్టుంది. చిన్నప్పుడు మా తమ్ముళ్లూ చెల్లెలూ ఏడ్చినప్పుడల్లా ఆ ఉంగరం చూపించి, ఒక్కొక్కరికి ఒక్కో పేరు చెప్పి ఊరుకోబెట్టింది. పెద్ద తమ్ముడికి సింహం, చెల్లెలికి పిల్లి, చిన్న తమ్ముడికి కుక్క. దాంతో అదేమిటో ముగ్గురికీ బాగా తెలుసు.

అందరికంటే పెద్దదాన్ని నేను. నన్ను ఊరుకోబెట్టే తీరిక అమ్మకు దొరకలేదు, నాకు ఏ జంతువూ దక్కలేదు. పక్షపాతం ఉండదని ఉంగరం నా బీరువాలో పెట్టారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ముగ్గురూ వస్తున్నారు. అంతకుముందు ఎవరైనా పోతేనే కలిసేవాళ్లం.

పెద్ద తమ్ముడు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. మడత భూతద్దం జేబులో లేనిదే రాడు.

"ఇదిగో జూలు, చూడక్కా."

"అది సబ్బు పేరుకున్న గీత, అన్నయ్యా" అంటుంది చెల్లెలు. పోల్చి చూపిద్దామని ఒకసారి వాళ్ల పిల్లిని సంచిలో వేసుకొచ్చింది. పిల్లి ఉంగరాన్ని వాసన చూసి మొహం తిప్పుకుంది.

"చూశారా, గుర్తుపట్టింది."

"గుర్తుపట్టి సిగ్గుపడిందేమో" అన్నాడు చిన్నవాడు. వాడి వాదన ఒక్కటే. "ఇంత అరిగినా ఈ ఇంటిని వదల్లేదంటే కుక్కే."

వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు, ఇక ఈ గడప తొక్కనంటారు. మరుసటి ఆదివారం ముందుగా వచ్చేది వాళ్లే. అయినా నేను గేటు దాకా వెళ్లి, వీధి మలుపులో వాళ్ల వీపులు కనబడకుండా పోయేదాకా నిలబడతాను. ఈ వయసుకు చాలా వీపులు చూశాను. కొన్ని తిరిగి రాలేదు.

పోయిన ఆదివారం చెల్లెలు ఒక కంసాలిని వెంటబెట్టుకొచ్చింది. అరిగిన నగలకు మళ్లీ రూపు తెప్పిస్తాడట. రూపు తేలితే ఒకరు ఉంగరం పట్టుకుపోతారు, ఇద్దరు అలుగుతారు, ఆ తర్వాత ఏ ఆదివారమూ ఎవరూ రారు.

కంసాలి కిటికీ వెలుగులో ఉంగరాన్ని తిప్పితిప్పి చూశాడు.

"ఏ జంతువు చెక్కమంటారు?"

"అదేమిటయ్యా, ఏముందో చెప్పమంటే?" అంది చెల్లెలు.

"ఏమీ మిగల్లేదమ్మా. మీరు ఏదంటే అది చేసిపెడతాను. ఏనుగైతే మాత్రం తొండానికి కాస్త బంగారం కలపాలి."

ముగ్గురూ ఒక్కసారే నీరసపడ్డారు. వాళ్ల అరుపులకు ఎన్నడూ బెదరని నాకు ఆ నీరసం చూస్తే భయం వేసింది.

"ఇంక నావల్ల కాదు" అన్నాడు పెద్ద తమ్ముడు. "అక్కా, అమ్మ దగ్గర ఎక్కువ కాలం ఉన్నదానివి నువ్వు. మూడింటిలో ఏదో ఒకటి చెప్పు. అదే చెక్కించి, ఆ మనిషికి ఇచ్చేద్దాం."

చెల్లెలు సరేనంది. చిన్నవాడు తలూపి, చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ లేనిది అందరికీ బుద్ధి వచ్చేసింది.

"అమ్మ నాతో ఎలుగుబంటి అంది" అన్నాను.

"ఎలుగుబంటికి ఈ గడ్డం ఎక్కడిదక్కా?" పెద్ద తమ్ముడు కంసాలి చేతిలోంచి ఉంగరం లాక్కున్నాడు.

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?" అంది చెల్లెలు.

"నన్నెవరడిగారే?"

"అంటే ఉంగరం నీకూ కావాలన్నమాట, పెద్దక్కా" అన్నాడు చిన్నవాడు, చెప్పులు వదిలేసి లోపలికొస్తూ.

"కావాలి. ఎందుకొద్దు?"

ఎప్పుడూ లేనిది ముగ్గురూ ఏకమై నా మీద పడ్డారు. మతి పోయిందన్నారు, ఆశ పుట్టిందన్నారు. పెద్ద తమ్ముడైతే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం ఎలుగుబంటి బొమ్మలన్నీ తెస్తాను. నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని."

"అంతదాకా ఎందుకురా," అన్నాను, "బుధవారం కూడా నాకు ఖాళీయే."