నోట్లో నిప్పు, ముక్కులో రాగం

అచ్చమ్మ చుట్ట మానేసిన దగ్గర్నుంచి భిలాయిలో రుఆబాంధా కాలనీలోని ఆ ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతోంది, టీలో అసలు చక్కెరే పడటం లేదు. కోడల్ని పట్టుకుని ఎప్పుడో పోయిన ఆడపడుచు పేరుతో పిలుస్తోంది. ఎవరైనా సరిదిద్దితే కస్సుమంటోంది.

ఆవిడ కాల్చింది మామూలు చుట్టా? అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు బిగించి కాల్చడం. పొలం గాలికి చుట్ట ఆరిపోకుండా విజయనగరం పల్లెలో అత్తగారు నేర్పిన విద్య. భిలాయి వచ్చి స్టీలు ప్లాంటు క్వార్టర్లో కాపురం పెట్టినా ఆ నిప్పు నోట్లోనే ఉంది. రెండు చేతులా పని, ముక్కులోంచి కూనిరాగం. డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చే భర్త గురునాథరావు గేటు దగ్గరే ఆగి, "మా రేడియో పాడతంది" అని మురిసిపోయేవాడు. ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా వెలిగే ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో. ఆయన పోయాక ఆ రాగమూ, ఆ చుట్టా ఆవిడకు మిగిలాయి.

అంగిలి మీద తెల్లమచ్చ చూసిన డాక్టరమ్మ చుట్ట కూడా ఆపించేసింది. ఆమె హిందీలో చెప్పినదాన్ని మనవరాలు హరిత తెలుగు చేసింది.

"ఇన్నేళ్లూ నీ మెదడుని పొగాకే తట్టి లేపింది నానమ్మా. ఇప్పుడు లేపేవాళ్లు లేరు కదా, అందుకే మబ్బుగా ఉంటాదంట. మాటలు అందవు, గుస్సా వస్తాది. కొన్ని వారాలు ఆగితే తనే లేవడం నేర్చుకుంటాదంట. మతి పోలేదు."

అచ్చమ్మ నమ్మలేదు. తన అక్కకు మతి పోవడం కూడా ఇలాగే మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత మనుషులు. పైగా హరిత పెళ్లి ముంచుకొచ్చింది. నలుగు నాడు ఆ కూనిరాగం పాటే పాడాలని పిల్ల పట్టుబట్టింది. అది అత్తగారు నేర్పిన నలుగుపాటే. రాగం ఉంది. మాటలే, ఎంత తడుముకున్నా ఒక్కటీ దొరకడం లేదు.

నలుగు రోజు ఉదయం పీట వేసి అందరూ కూర్చుంటుంటే అచ్చమ్మ వంటింట్లోకి జారుకుంది. పప్పుల డబ్బా వెనక దాచిన చుట్ట తీసి అగ్గిపుల్ల గీయబోయింది. వెనకే హరిత, బుగ్గల నిండా పసుపుతో.

"ఏటి నానమ్మా ఇది?"

"ఒక్క దమ్మే. నీ పాట కోసమేనే. మాటలు రావట్నేదు. నా బుర్ర అయిపోనాది, అక్కలాగే నానూ అయిపోతన్నాను." అచ్చమ్మకు నిజంగానే భయమేసి కళ్లలో నీళ్లు తిరిగాయి.

హరిత అగ్గిపెట్టె తీసేసుకుని, మసాలా డబ్బాలోంచి దాల్చినచెక్క ముక్క చేతిలో పెట్టింది.

"ఇది పెట్టుకో. మాటలు రాకపోతే రాగమే చాలు, చలేగా."

అచ్చమ్మ వచ్చి పీట పక్కన కూర్చుంది. దాల్చినచెక్క కొస మీద ఊది, లేని నిప్పు నాలుకకు తగలకుండా జాగ్రత్తగా తిప్పి నోట్లో పెట్టుకుంది. ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. మనవరాలి భుజానికి నలుగుపిండి రుద్దుతూ రాగం ఎత్తుకుంది. కాసేపటికి ఆ చెయ్యి ఆగింది. చెక్క తీసి పక్కన పెట్టింది.

"పెసరపిండి తేవే పెద్దొదినా, పసుపుముద్ద తేవే సిన్నొదినా, పందిట్లో సందమామ పీటెక్కినాది..."

ఒక మాట వెనక మరో మాట వచ్చింది. చరణాలన్నీ వచ్చాయి. నవ్వులు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు.

గుమ్మంలో నిలబడ్డ కొడుకు రాజేంద్ర మెల్లగా అడిగాడు. "అమ్మా, ఈ పాటకి మాటలున్నాయా? చిన్నప్పట్నుంచీ ఉత్త రాగమే అనుకున్నాను."

"ఉన్నాయిరా. నోట్లో నిప్పెట్టుకుని ఎలగ పాడతాను?" అని నవ్వబోయిన అచ్చమ్మ గేటు వైపు చూసి ఆగిపోయింది.

"ఈ మాటలు మీ నాయిన కూడా ఇన్నేదురా," అంది.

గొంతు సవరించుకుని, గేటు దాకా వినపడేలా, పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.