అప్పాజీ ఊకొట్టిన క్యాసెట్టు

రండి బాబూ, రండి. ఆ చేటలో బియ్యం తర్వాత ఏరుకోవచ్చు, ముందు ఇలా వచ్చి కూర్చోండమ్మా. గోడవతల గుసగుసలాడేవాళ్లూ, మీ ఊసు నా కథకంటే బాగుంటే మీరే చెప్పండి, నేను వింటాను. బాగోలేదా? అయితే నోళ్లకి తాళాలు వేసుకోండి. ఇది నోటికి తాళమన్నదే లేని వీరవేణి కథ.

ఉప్పాడలో సముద్రం ఒడ్డుని కొరికి కొరికి తినేస్తుందని లోకులంతా ఎరుగుదురు. వీరవేణి ఉండే వీధి జోలికి మాత్రం రాలేదు. ఎందుకంటారు? ఆవిడ మాట్లాడుతుంటే అల లేచింది లేచినట్టే నిలబడి వినేది. ఆవిడ కబురు అయ్యేదీ లేదు, అల విరిగేదీ లేదు. చేపలు ఒడ్డుకి చేరి చెవులు రిక్కిస్తే, జనం వల లేకుండానే బుట్టలకెత్తుకున్నారు. అబద్ధమైతే ఆ చేపల్నే అడగండి.

ఆవిడ పెనిమిటి అప్పాజీ. ఇద్దరూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జాందానీ చీరలు నేసేవాళ్లు. ఆవిడ చెప్పేది, ఆయన ఊకొట్టేవాడు. పొద్దున లేచిందగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా అదే కాపురం.

1998లో రాజమండ్రి నుంచి కౌముది అనే అమ్మాయి టేపురికార్డరు పట్టుకుని వచ్చింది. జనం ఇళ్లలో మామూలుగా చెప్పుకునే మాటలు రికార్డు చేసి, వాటి మీద పరిశోధన చేస్తోంది.

"పాటలు పాడాలాండీ అమ్మాయిగారూ, పద్యాలా?" అని అడిగింది వీరవేణి.

"ఏమీ వద్దు పిన్నీ. రోజూ మీరిద్దరూ ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడుకోండి. నేనిక్కడ లేననుకోండి."

"ఆయ్, అలాగేనండి. మా ఊసులకి కూడా చదువుందాండీ! ఏమయ్యో, విన్నావా? మనం పుస్తకంలోకి ఎక్కేస్తున్నాం."

"ఊఁ," అన్నాడు అప్పాజీ.

టేపు తిరిగింది. క్యాసెట్టు ఖాళీగా పోతే పాపం ఆ పిల్ల శ్రమ వృథా అయిపోతుందని వీరవేణి బెంగ. అందుకని గుక్క తిప్పుకోకుండా నింపేసింది. పిఠాపురం సంతలో పుచ్చు వంకాయల సంగతి, తోడికోడలి ముక్కుపుడక సంగతి, అన్నవరం కొండ మీద పోయిన చెప్పుల సంగతి. అప్పాజీ అన్నిటికీ ఊకొట్టాడు. కౌముది దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ వానాకాలం అప్పాజీకి జ్వరం తగిలింది. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే మాట పడిపోయింది. మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

దాంతో వీరవేణి నోరు మూతపడింది. ఊకొట్టేవాడు లేకపోతే మాట ఎక్కడ వాలుతుంది? ఒకటి రెండుసార్లు పక్కకి తిరిగి, "ఇదిగో, విన్నావా" అనేసి, ఖాళీ చోటు చూసి నాలుక కరుచుకుంది. వినడానికేమీ లేదని సముద్రం కూడా కదిలి, వీధి చివర ఇళ్లు రెండు పట్టుకుపోయింది. ఆవిడకి ఇల్లు పోతుందన్న భయం లేదు. ఆవిడ దిగులు వేరు. ఆయన ఫోటో ఉంది గానీ గొంతు లేదు. గుర్తు చేసుకుందామని కళ్లు మూసుకుంటే, ఆవిడ గొంతే ఆవిడకి గలగలమని వినబడేది.

మరుసటేడు కౌముది మళ్లీ వచ్చింది, టేపులో సరిగ్గా తెలియని మాటలు అడిగి తెలుసుకుందామని. గోడ మీద అప్పాజీ ఫోటోకి దండ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. వీరవేణి చూపు మాత్రం ఆ టేపురికార్డరు మీదే ఉంది.

"అందులో ఆయన ఉన్నాడాండీ?"

"ఉన్నారు పిన్నీ."

"పెట్టండి."

ఇద్దరూ విన్నారు. వంకాయలు వచ్చాయి, ఊఁ. ముక్కుపుడక వచ్చింది, ఊఁ. చెప్పుల సంగతి మధ్యలో అప్పాజీ గొంతు సవరించుకున్నాడు.

"వేణీ, నీకో మాట చెప్పాలే..."

"ఉండవయ్యా! ముందు నేను చెప్పేది విను," అంటూ టేపులో వీరవేణి చెప్పుల వెతుకులాట చాలాసేపు చెప్పుకొచ్చింది.

"ఊఁ."

మళ్లీ చెప్పులు.

వీరవేణి చెంగు నోట్లో కుక్కుకుంది. "ఏం చెబుదామనుకున్నాడండీ?"

ఆ మాటలన్నీ కాగితం మీదికెక్కించి, ఎవరెక్కడ ఆగారో, ఎవరి మాటకి ఎవరు అడ్డొచ్చారో గుర్తులు పెట్టుకున్న పిల్లే. కౌముది ఆ కాగితాలు తిరగేసి చూసి, ఎదురు అడిగింది:

"తర్వాతైనా చెప్పలేదా పిన్నీ?"

"నేను చెప్పనిచ్చానా?"

చెంగుతో ముఖం తుడుచుకుని వీరవేణే అంది: "అమ్మాయిగారూ, ఇందులోంచి నా గోల తీసేయండి. నేను వాగిన చోటల్లా ఖాళీ ఉంచండి. ఈసారి అడ్డం రాను. ఆయన్ని చెప్పుకోనివ్వండి."

"తీసేస్తే అక్కడ ఏమీ ఉండదు పిన్నీ. ఉత్త నిశ్శబ్దమే."

"ఉండకపోతే ఊరికే కూర్చుంటాను. ఆయన నా పక్కన అన్నేళ్లు కూర్చోలేదూ?"

కౌముది కాదనలేకపోయింది. రాజమండ్రి వెళ్లి, రెండు క్యాసెట్లు పట్టే టేపురికార్డరులో పాతది తిప్పుతూ, వీరవేణి గొంతు వచ్చినప్పుడల్లా శబ్దం పూర్తిగా తగ్గించేస్తూ కొత్త క్యాసెట్టు తయారుచేసింది. తనే పట్టుకొచ్చి, టేపురికార్డరులో వేసి, మగ్గం పక్కన పెట్టి మీట నొక్కింది. వీరవేణి నోరు మూసుకుని వింటుందంటే నమ్మలేక వీధి వీధంతా గుమ్మం దగ్గర చేరింది.

ఊఁ. చాలాసేపు ఏమీ లేదు. ఊఁ. మళ్లీ ఏమీ లేదు. టేపు తిరిగే సన్నటి రొద ఒక్కటే.

"వేణీ, నీకో మాట చెప్పాలే..."

వీరవేణి పెదాలు బిగించుకుంది. ఊపిరి కూడా అడ్డమేమోనని బిగపట్టింది. టేపు తిరుగుతోంది. వంగి చెవి దానికి ఆనించింది. ఇంకా తిరుగుతోంది. ఇక ఉండబట్టలేక, పసిబిడ్డని బుజ్జగించినట్టు అంది:

"చెప్పు. వింటున్నాను. చెప్పవయ్యా."

"ఊఁ," అన్నాడు అప్పాజీ.

వీరవేణి మగ్గానికి తల ఆనించి ఏడ్చింది. కౌముది ఆపబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.  గుమ్మంలో నిలబడ్డ ఎదురింటి బుజ్జిబాబు తువ్వాలుతో కళ్లొత్తుకుని, కౌముది పక్కకి జరిగి మెల్లగా అడిగాడు:

"అమ్మాయిగారూ, ఇలా ఊకొట్టేది మా ఇంటిక్కూడా ఒకటి చేసిపెట్టరూ? మా ఆవిడ ముందు దాన్ని కూర్చోబెట్టేసి నేను పేకాటకి పోతానండీ."