కమ్మీల నీడ

బాబు సాహెబ్ రోజూ పొద్దున్నే ఖాకీ బట్టలు తొడుక్కుని, తలపాగా బిగించుకుని జైలు గేటు దగ్గర నిలబడేవాడు. మదనపల్లెకు నాలుగు మైళ్ళ దూరంలో ఉండే చిన్న జైలు అది. పేరెందుకు లెండి. నలభై రెండులో సత్యాగ్రహం చేసినవాళ్ళను తెచ్చి కుక్కాక, పదిమంది పట్టే గదుల్లో ముప్పైమంది అయ్యారు. ఉన్న ఇద్దరు వార్డర్లలో ఒకడు యుద్ధానికి పోయాడు. వాడి చోటికి ఇంకొకణ్ణి వేస్తామన్నారు. ఏడాదైనా వేయలేదు, బాబు సాహెబ్ ఒక్కడే మిగిలాడు.

ఆ ఏడాదిలోనే బాబు సాహెబ్ నీడకు కమ్మీలు వచ్చాయి. ఎండలో నిలబడితే అది జైలు తలుపు మాదిరి కమ్మీలు కమ్మీలుగా పడేది. అందులో కాలు పెట్టిన ప్రాణి ఆయన కదిలి పోయేదాకా బయటికి రాలేదు. వీధిలోవాళ్ళకు ఇది బాగానే పనికొచ్చింది. మేకలు చెదిరిపోతుంటే బయ్యమ్మ వచ్చి, రవ్వంత సేపు ఈడ నిలబడు సాహెబూ, అని అడిగేది. ఆయన నిలబడేవాడు. నిలబడటం తప్ప ఆయన్ని ఇంకేం చేయనిచ్చారు గనక?

ఒకరోజు అన్నానికి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఉంటే, నాలుగేళ్ళ కూతురు మున్నీ ఆడుకుంటూ ఆ నీడలోకి వచ్చింది. బయటికి పోలేక ఏడ్చింది. బాబు సాహెబ్ కదల్లేదు. జైల్లో ఏడుపులు విని విని ఆయన చెవులకు ఏడుపు వినపడటం ఎప్పుడో మానేసింది. నీళ్ళకు పోయిన భార్య మైమూన్ బీ వచ్చి ఆయన్ని పక్కకు లాగేసరికి బిడ్డ గొంతు బొంగురుపోయింది. ఆ సాయంత్రమే ఆమె బిడ్డను తీసుకుని పుంగనూరులో పుట్టింటికి బయలుదేరింది. పోతూ ఒకటే మాట అనింది.

"ఒక నెల ఆ గేటు ఇడిసిపెట్టి, మనిషై రాండి. అప్పుడు బిడ్డను ఎత్తుకుందురు."

సెలవు కోసం అర్జీ పెట్టాడు. జైలు ఆఫీసరు రామమూర్తి డాక్టరు చీటీ తెమ్మన్నాడు. డాక్టరు నాలుక చూసి, జ్వరం చూశాడు. నిద్ర రాదు, అన్నం సయించదు, ఇంట్లో కూడా తలలు లెక్కపెడతాను అని చెప్పుకుంటే, జ్వరం లేదు కాబట్టి రోగం లేదని రాసిచ్చాడు. రెండో అర్జీకి, బదులు మనిషిని చూపించాలని రూలు ఉందన్నాడు ఆఫీసరు. బాబు సాహెబ్ సిద్దప్ప అనేవాణ్ణి బతిమాలి పట్టుకొచ్చాడు. సిద్దప్ప మధ్యాహ్నం దాకా గేటు దగ్గర నిలబడి, లోపలి కేకలు విని, చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ఇట్లాంటి రూలు రాసినవాణ్ణి ఒక్క పూట ఆ గేటు దగ్గర నిలబెడితే తెలిసేది.

మూడో అర్జీ పట్టుకుని పది గంటల ఎండలో బాబు సాహెబ్ ఆఫీసరును గేటు దగ్గరే ఆపాడు.

"బదులు మనిషి ఏడీ?" అన్నాడు రామమూర్తి.

"ఈడే ఉండాదయ్యా, నా నీడ. నేను పోతా, అది ఉంటాది. నా కంటే అదే బాగా కాపలా కాస్తాది."

నీడ సంగతి రామమూర్తికీ తెలుసు. నీడ పనికిరాదని రూల్లో ఎక్కడా లేదు కాబట్టి పరీక్ష చేసి చూస్తానన్నాడు. గేటుకు అడ్డంగా పడిన నీడలో రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాడు. బయటికి రాబోయాడు, రాలేకపోయాడు. గట్టిగానే ఉందని తృప్తిపడి, అక్కడే నిలబడి అర్జీ మీద ముప్పై రోజుల సెలవు రాసి సంతకం చేశాడు.

బాబు సాహెబ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పుంగనూరు దారి పట్టాడు. నీడ వెంట రాలేదు. చెప్పినట్టే గేటు దగ్గర ఉండిపోయింది, లోపల ఆఫీసరుతో సహా.

మూడో రోజు జైలు ఆఫీసు బంట్రోతు మారప్ప రొప్పుకుంటూ పుంగనూరు వచ్చాడు. ఆఫీసరుకు నిద్ర రావడం లేదంట, అన్నం సయించడం లేదంట, లోపలి కేకలు చెవుల్లోంచి పోవడం లేదంట. వెంటనే రమ్మన్నాడంట. బాబు సాహెబ్ అంతా ఓపిగ్గా విన్నాడు.

"జొరం ఉండాదేమో సూడమను మారప్పా," అన్నాడు.

మారప్ప పోయాక మున్నీ తలుపు వెనకనుంచి బయటికొచ్చింది. ఎండలో కూర్చున్న తండ్రి చుట్టూ నేలంతా వెతికింది. ఒక కాలు ముందుకు పెట్టి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసుకుంది. ఆ తర్వాత వచ్చి ఒళ్ళో కూర్చుంది. కాసేపటికి చీమ కుట్టి ఏడ్చింది.

బాబు సాహెబ్ ఉలిక్కిపడి లేచాడు. ఆ ఏడుపు ఆయనకు వినపడింది.