కుడిచెయ్యి నాన్నది

నాన్న తన కత్తెర కూడా పెట్టెలో పెడుతున్నప్పుడే నేను గట్టిగా వద్దనాల్సింది.

"ఇంటర్వ్యూ నాది. కత్తెర నీకెందుకు నాన్నా?"

"దర్జీ కత్తెర లేకుండా ఊరు దాటితే చెయ్యి ఇంట్లో మర్చిపోయినట్టుంటుందే" అంటూ దాన్ని తువ్వాలులో చుట్టి బట్టల మధ్య దూర్చాడు. మా ఇంట్లో ఆ కత్తెరని అమ్మ కూడా ముట్టుకోదు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. లెక్కల్లో పైచదువు పూర్తయ్యాక ఈ పరాయి దేశంలో ఒక యూనివర్సిటీవాళ్ళు పాఠాలు చెప్పే ఉద్యోగానికి పిలిచారు. ఇరవై నిమిషాలు బోర్డు మీద ఒక లెక్క చేసి చూపించాలి. ఉద్యోగం ఇచ్చేదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది. తోడుగా నాన్న బయల్దేరాడు. నాకున్న ఒకే ఒక్క కోటు కూడా ఆయన కుట్టిందే.

మేం దిగిన గదిలో ఇస్త్రీపెట్టె లేదు. కోటేమో పెట్టెలో నలిగి అప్పడంలా అయింది. వీధి చివర ఒక దర్జీ దుకాణం కనబడితే నాన్నని పంపాను.

"ఇంటర్వ్యూ పదకొండింటికి. ఇస్త్రీ చేయించి తెచ్చెయ్. పది నిమిషాల పని."

అప్పుడు ఎనిమిదిన్నర. తొమ్మిదిన్నరైనా మనిషి జాడ లేదు. వెళ్ళి చూద్దును కదా, పొడుగాటి బల్ల మీద నా కోటు, దాని పక్కన విడిగా దాని రెండు చేతులు. నాన్న, తెల్లమీసాల దర్జీ ఒకాయన దాని మీదికి వంగి తలలు ఆనించి చూస్తున్నారు.

"నాన్నా! ఏంటిది?"

"అరవకే. పెద్దాయన ఏదో చెబుతున్నాడు."

"ఆయన భాష నీకొక్క ముక్క రాదు!"

"దర్జీ మాట దర్జీకి అర్థం కాదా?"

కిటికీ దగ్గర బొత్తాలు కుడుతున్న దర్జీ భార్యకి కాస్త ఇంగ్లీషు వచ్చు. జరిగింది ఆవిడ చెప్పింది. ఇస్త్రీ చేస్తూ మీసాలాయన కోటు చంకలోకి చెయ్యి పోనిచ్చి ముఖం చిట్లించాడట. అది నాన్న చూశాడు. అంతే, తన కుట్టు ఎంత శుభ్రంగా ఉందో చూపించాలని, కత్తెర కోసం గదికి వచ్చి (ఏదో వెతుకుతున్నాడులే అనుకుని నేను పుస్తకంలోంచి తలెత్తలేదు), తను కుట్టిన కోటు కుట్లు తనే విప్పేశాడు.

"చంక బాగా కిందికి దిగిందట. చెయ్యెత్తితే కోటంతా లేస్తుందట. లోపల చిన్న గుడ్డముక్క అతికితే సరిపోతుందట" అని ఆవిడ మాటలు తెలుగులో చెప్పాను.

"వదులుగా ఉంటేనే కదే చెయ్యి ఆడేది! ముప్పై ఏళ్ళలో ఒక్కరు పట్టేసిందన్నారా?"

మీసాలాయన తన కోటు తొడుక్కుని రెండు చేతులూ నిటారుగా ఎత్తాడు. కోటు అంచు వేలెడు కూడా కదల్లేదు.

"ఒళ్ళు సన్నం. అందుకే" అన్నాడు నాన్న.

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ఆయన చెప్పినట్టే కుట్టించెయ్. గంటన్నర కూడా లేదు."

"రెండు చేతులూ ఆయనే కుడితే ఇంక నా కోటెలా అవుతుంది?"

చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ఎడమచెయ్యి మీసాలాయనది, కుడిచెయ్యి నాన్నది. చెరో మిషను ముందు కూర్చుని ఓరకంటితో ఒకరి కుట్టు ఒకరు చూసుకుంటూ కుట్టారు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. పదీ నలభైకి ఇస్త్రీ వేడి ఆరకముందే కోటు తగిలించుకుని పరిగెత్తాను.

ఇంటర్వ్యూ గదిలో ఐదుగురు కూర్చున్నారు. బోర్డు నా తలకంటే మూరెడు ఎత్తుదాకా ఉంది. రాయడానికి కుడిచెయ్యి ఎత్తగానే కోటంతా దాని వెంట లేచి, కాలరు చెవికి తగిలింది. చెయ్యి దించి కింద రాశాను. "కనబడటం లేదు, పైన రాయండి" అన్నారు వెనకనుంచి. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ అదే. ఎడమచేతిలో డస్టరు మాత్రం హాయిగా పైదాకా పోయి వస్తోంది. ఆ చికాకులో లెక్కలో ఒక మెట్టు దాటేశాను. ముందువరసలో ఒకావిడ కలం ఆపి నన్నే చూసింది.

ఇంక లాభం లేదనుకున్నాను.

"క్షమించండి. ఈ చెయ్యి మా నాన్న కుట్టారు. పైకి లేవదు" అని కోటు విప్పి కుర్చీకి తగిలించాను. నవ్వారు. దాటేసిన మెట్టు చూపించి, అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

ఒంటిగంటకి పిలిచి, ఉద్యోగం నాదేనని చెప్పారు.

నాన్న గదిలో లేడు. ఎక్కడుంటాడో అడగాలా? దుకాణంలో, మీసాలాయన మిషను ముందు, దాని పెడలు నొక్కి చూస్తున్నాడు.

"నాన్నా, ఉద్యోగం వచ్చింది!"

"మా తల్లే!" అని లేచి నా తల నిమిరాడు. నిమిరిన చెయ్యి అలాగే భుజం మీదికి, కుట్టు దగ్గరికి జారింది. "ఏ చెయ్యి పట్టేసిందే?"

అబద్ధం చెబుదామనిపించింది. నోరు రాలేదు.

"కుడిది."

ఆయన నా ఒంటిమీది కోటు మెల్లిగా తీసి బల్ల మీద పరిచాడు. తువ్వాలు విప్పి, కత్తెరని పిడివైపు తిప్పి మీసాలాయన చేతికిచ్చాడు.

"ఈసారి నువ్వు విప్పు" అన్నాడు తెలుగులోనే.

మీసాలాయనకి అర్థమైంది. నాకు మాత్రం ఆకలి దంచేస్తోంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.